వ్యాలీ ఫీవర్‌తో కుంటుతున్న కుక్క: కాలు తీయించే ముందు, మందు ఆపే ముందు

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను. మీరుండేది అరిజోనాలోని చాండ్లర్. మీ లాబ్రడార్‌కి మూడేళ్లు, బరువు 28 కిలోలు. మొదట పొడి దగ్గు వచ్చింది, తర్వాత ముందు కుడికాలు కుంటడం మొదలైంది. రక్తపరీక్షలో వ్యాలీ ఫీవర్ (ఎడారి మట్టిలోని ఫంగస్ వల్ల వచ్చే జబ్బు) టైటర్, అంటే ఆ ఫంగస్ మీద ఒంట్లో తయారైన యాంటీబాడీల కొలత, 1:64 అని వచ్చింది. ఎక్స్‌రేలో మణికట్టుకు కాస్త పైన ఎముక తినేసినట్టు కనిపించింది. ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందు 200 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇస్తూ అయిదు వారాలైంది. దగ్గు తగ్గింది, కుంటడం కొంచెమే తగ్గింది, తిండి మాత్రం సగానికి పడిపోయింది. ఇంకో డాక్టర్‌కి చూపిస్తే ఇది ఎముక క్యాన్సర్ కూడా కావచ్చు, కాలు తీసేయడం గురించి ఆలోచించండి అన్నారు. ఇంట్లో చిన్నపిల్లలు, షుగర్ ఉన్న మీ మామగారు ఉన్నారు కాబట్టి వాళ్లకు అంటుకుంటుందేమోనని భయపడుతున్నారు.

సూటిగా చెప్తాను. మందు ఆపకండి. ముక్క పరీక్ష (ఎముక ముక్క తీసి ల్యాబ్‌లో చూసే బయాప్సీ) చేయించకుండా కాలు తీయించకండి. ఈ జబ్బు కుక్క నుంచి మీ పిల్లలకు గానీ పెద్దలకు గానీ అంటుకోదు. ఎముకకు పాకిన వ్యాలీ ఫీవర్‌కి అయిదు వారాలంటే చికిత్సకు ఆరంభం మాత్రమే. ఇలాంటి కేసులో మందు ఏడాది పాటు, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. తిండి తగ్గడం మాత్రం పట్టించుకోవాల్సిన సంగతి. దానికి ఈ వారమే రక్తపరీక్ష చేయించాలి.

నేను హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వెటర్నరీ చదివి, చాలా ఏళ్లుగా ఫీనిక్స్ చుట్టుపక్కల ప్రాక్టీసు చేస్తున్నాను. ఇక్కడ కుంటుతూ వచ్చిన కుక్కను చూడగానే మాకు ముందు మెదిలే జబ్బుల్లో ఇదొకటి. వేరే రాష్ట్రాల్లో చదువుకుని వచ్చిన డాక్టర్లకు అంత త్వరగా తట్టదు. వాళ్ల అనుభవంలో మణికట్టు పైన ఎముక ఇలా కనిపిస్తే అది చాలావరకు క్యాన్సరే అయి ఉంటుంది. కాబట్టి ఆ రెండో డాక్టర్ అన్నది తప్పుమాట కాదు. ఎక్స్‌రేలో ఈ రెండూ నిజంగానే ఒకేలా ఉంటాయి. ఒకపక్క ఎముక చెదలు తిన్నట్టు గుల్లబారి, ఇంకోపక్క కొత్త ఎముక గరుకుగా పైకి పెరిగి ఉంటుంది. ఎంత అనుభవమున్నవాళ్లయినా బొమ్మ ఒక్కటే చూసి ఇది ఫంగస్, ఇది క్యాన్సర్ అని ఒట్టేసి చెప్పలేరు.

మీ కుక్క విషయంలో తూకం ఫంగస్ వైపే మొగ్గుతోంది. వయసు మూడేళ్లే. క్యాన్సర్ ఎక్కువగా వయసు మళ్లిన పెద్దజాతి కుక్కల్లో వస్తుంది, చిన్న వయసులో అసలు రాదని కాదు. కాలు కంటే ముందు దగ్గు వచ్చింది. టైటర్ 1:64 అంటే ఎక్కువే. మందు మొదలుపెట్టాక దగ్గు తగ్గింది, కుంటడం కూడా కొంచెం తగ్గింది. అయితే టైటర్ ఎక్కువగా ఉందంటే ఒంట్లో వ్యాలీ ఫీవర్ ఉందని అర్థం, అంతే. ఆ ఎముకలో ఉన్నది కూడా అదేనని ఆ అంకె చెప్పదు. ఒకే కుక్కకు రెండు జబ్బులూ ఉండొచ్చు. అందుకే కాలు తీయాలన్న మాట వచ్చిందంటే, దానికి ముందు సూదితోనో బయాప్సీతోనో ఎముక ముక్క తీసి పరీక్షకు పంపాలి. పంపేటప్పుడు వ్యాలీ ఫీవర్ అనుమానం ఉందని ల్యాబ్‌కి రాసి పంపమనండి. ఈ ఫంగస్‌ని ల్యాబ్‌లో పెంచితే అక్కడ పనిచేసేవాళ్లకు ప్రమాదం.

ఆ ముక్కలో ఏం కనిపిస్తుందో చెప్తే జబ్బు నడక కూడా అర్థమవుతుంది. మైక్రోస్కోప్ కింద మందమైన గోడతో గుండ్రటి గోళాలు కనిపిస్తాయి, ఎర్ర రక్తకణం కంటే ఎన్నో రెట్లు పెద్దవి. పండిన గోళం దానిమ్మకాయ కోసినట్టు లోపల చిన్నచిన్న గింజలతో కిక్కిరిసి ఉంటుంది. అది పగిలితే ఆ గింజలన్నీ చుట్టూ చెదిరి, ఒక్కొక్కటీ మళ్లీ ఒక గోళం అవుతుంది. ఈ రూపంలో ఒకరి నుంచి ఒకరికి గాలిలో వెళ్లలేదు. గాలిలో వెళ్లగలిగే రూపం ఒంటి బయటే, మామూలుగా ఎడారి మట్టిలో ఉంటుంది. అక్కడ అది సన్నటి దారాలుగా పెరుగుతుంది, నేల ఎండినప్పుడు ఆ దారాలు ముక్కలై దుమ్ముతో పాటు లేస్తాయి. కుక్క నేలకు ముక్కు ఆనించి వాసన చూస్తుంది, గోళ్లతో తవ్వుతుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చాలా కుక్కల్లో ఒంటి శక్తే దాన్ని అణిచేస్తుంది, యజమానికి తెలియను కూడా తెలియదు. ఫీనిక్స్, టూసాన్ ప్రాంతాల కుక్కల మీద 2005లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, రెండేళ్ల వయసు వచ్చేసరికి కుక్కకు ఈ ఫంగస్ సోకే అవకాశం 28 శాతం, జబ్బుగా బయటపడే అవకాశం 6 శాతం. బయటపడ్డవాటిలో కొన్నింటికి ఊపిరితిత్తులు దాటి ఎముకలకు, కీళ్లకు, చర్మానికి, కంటికి, గుండె చుట్టూ ఉన్న పొరకు, మెదడుకు పాకుతుంది. కుక్కల్లో అలా పాకినప్పుడు ఎక్కువగా దెబ్బతినేది ఎముకలే.

ఇక ఎముకలో మందు ఎందుకు మెల్లగా పనిచేస్తుందంటే, ఫ్లూకొనజోల్ ఫంగస్‌ని వెంటనే చంపదు, పెరగకుండా కట్టడి చేస్తుంది. ఆ కట్టడిలో ఉన్నప్పుడు శుభ్రం చేసే పని కుక్క ఒంటిదే. పైగా ఎముక తిరిగి పూడటానికి దాని టైము అది తీసుకుంటుంది. నేను చూసిన కేసుల్లో వరస ఇలా ఉంటుంది: మొదట జ్వరం, నీరసం తగ్గుతాయి, తర్వాత దగ్గు, తర్వాత నొప్పి. ఎక్స్‌రేలో మార్పు అన్నిటికంటే చివర కనిపిస్తుంది. కుక్క హాయిగా పరుగెడుతున్నా ఎముక బొమ్మ నెలల తరబడి వికారంగానే ఉండొచ్చు. అది చూసి టెన్షన్ పడకండి. అలాగని కుంటడం రోజురోజుకీ పెరుగుతుంటే, వాపు పెద్దదవుతుంటే, ఆ కాలు అసలు మోపకపోతే మూడో నెల దాకా ఆగొద్దు. వెంటనే మళ్లీ ఎక్స్‌రే, ముక్క పరీక్ష చేయించండి.

మోతాదు లెక్క. కుక్కలకు ఫ్లూకొనజోల్ సాధారణంగా కిలోకి 5 నుంచి 10 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు ఇస్తాం. మీది 28 కిలోలు కాబట్టి 200 అంటే కిలోకి 7 చిల్లర. లెక్క లోపలే ఉంది, పెంచడానికి చోటు కూడా ఉంది. ఎముక కేసుల్లో నేను పై అంచుకు దగ్గరగానే ఇస్తాను. కానీ మీది తిండి మానేస్తోంది కాబట్టి, లివర్ పరీక్ష చూడకుండా మోతాదు పెంచమని నేను చెప్పను. ఆ రిపోర్టు వచ్చాక మీ డాక్టర్‌తో మాట్లాడండి. మన ఇళ్లలో ఇంకో సంగతి చూస్తుంటాను. ఇండియా నుంచి వచ్చేవాళ్లతో ఫ్లూకొనజోల్ స్ట్రిప్పులు తెప్పించుకుంటారు. అవి ఎక్కువగా 150 మిల్లీగ్రాముల బిళ్లలు. 200 బదులు అదే ఒకటి వేసేసి, మందు పనిచేయడం లేదంటూ వస్తారు. బిళ్ల మారితే లెక్క మారుతుంది, డాక్టర్‌కి చెప్పకుండా మార్చకండి. ఖర్చు గురించే అయితే ఇది మనుషులు వాడే జెనెరిక్ మందే. ప్రిస్క్రిప్షన్ రాయించుకుని రెండు మూడు మందుల షాపుల్లో ధర అడగండి, షాపుకీ షాపుకీ చాలా తేడా ఉంటుంది.

తిండి సంగతికి వద్దాం. జబ్బు వల్లా ఆకలి చస్తుంది, మందు వల్లా చస్తుంది. ఏది కారణమో తేల్చేది రక్తపరీక్షే. లివర్ ఎంజైములు కొద్దిగా పెరిగితే సాధారణంగా మందు కొనసాగిస్తాం. బాగా పెరిగితే కొన్నాళ్లు ఆపి, తగ్గాక తక్కువ మోతాదుతో మళ్లీ మొదలుపెడతాం. ఆ నిర్ణయం డాక్టర్‌దే, మీ అంతట మీరు ఆపేయొద్దు. ఈలోపు మందు తిండితో కలిపి ఇవ్వండి. వాంతి తగ్గించే మందు, ఆకలి పెంచే కాప్రోమోరెలిన్ లాంటివి ఉన్నాయి, అడగండి. ఇంట్లో ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం, కాస్త పెరుగు పెట్టొచ్చు. ఉల్లిపాయ, వెల్లుల్లి పడిన పులుసులు, సాంబారు అన్నం మాత్రం వద్దు, కుక్కల రక్తకణాలను ఉల్లి దెబ్బతీస్తుంది. పాయసంలో కిస్‌మిస్‌లు కూడా ప్రమాదమే. తినడం లేదన్న ప్రేమ కొద్దీ ఏది పడితే అది పెట్టేస్తారు కాబట్టి చెప్తున్నాను.

నొప్పికి కూడా మందు అడిగి తీసుకోండి. నొప్పి తగ్గితే చాలా కుక్కలు తిండికి వస్తాయి. కుక్కల కోసమే చేసిన నొప్పి మందులు ఉన్నాయి, లివర్, కిడ్నీ రిపోర్టులు చూసి డాక్టర్ రాస్తారు. ఇంట్లో ఉన్న ఐబుప్రోఫెన్, క్రోసిన్ ఇవ్వకండి. ఐబుప్రోఫెన్ కుక్క కడుపులో పుండ్లు చేసి కిడ్నీలు పాడుచేస్తుంది.

స్టెరాయిడ్. దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే తేలికగా నయమయ్యే వ్యాలీ ఫీవర్‌ని తీవ్రమైనదిగా మార్చేది చాలాసార్లు ఇదే. ఒక కుర్ర హస్కీ గుర్తొస్తోంది. దగ్గుతుంటే వేరే చోట అలర్జీ అనుకుని ప్రెడ్నిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. మొదట్లో దగ్గు తగ్గి, కుక్క హుషారైంది, ఇంట్లోవాళ్లు సంతోషించారు. తర్వాత జ్వరం వచ్చింది, బరువు పడిపోయింది, నా దగ్గరికి వచ్చేసరికి మెడ తిప్పలేకపోతోంది. వెన్నెముకకు పాకింది. ప్రెడ్నిసోన్ ఒంటి రక్షణను అణిచేస్తుంది. ఫంగస్‌ని తట్టుకోవాల్సింది ఆ రక్షణే. ఆ హస్కీ బతికింది, కానీ జీవితాంతం మందు మీదే ఉంది. అరిజోనాలో దగ్గే కుక్కకు, కుంటే కుక్కకు స్టెరాయిడ్ రాస్తుంటే, అంతకు ముందు వ్యాలీ ఫీవర్ పరీక్ష చేయమని అడిగే హక్కు మీకుంది. మెదడు వాపు, కంటి వాపు లాంటి కొన్ని సందర్భాల్లో ఫంగస్ మందుతో పాటు కొద్దిరోజులు స్టెరాయిడ్ ఇవ్వాల్సి వస్తుంది, అది వేరే విషయం. దురదకు ఇంట్లో మిగిలిపోయిన పాత స్టెరాయిడ్ బిళ్లలుంటే అవి ఈ కుక్కకు వేయకండి.

ఫ్లూకొనజోల్ సరైన మోతాదులో రెండు మూడు నెలలు ఇచ్చినా ఎముక లొంగకపోతే దారులున్నాయి. ఇట్రాకొనజోల్ అనే ఇంకో ఫంగస్ మందుకి మారుస్తాం. మనుషుల్లో ఈ రెండింటినీ పోల్చి 2000లో ప్రచురించిన అధ్యయనంలో ఎముకల జబ్బుకు ఇట్రాకొనజోల్ మెరుగ్గా పనిచేసింది. ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కడుపులో ఆమ్లం ఉంటేనే ఒంటికి పడుతుంది, కాబట్టి తిండితో ఇవ్వాలి, గ్యాస్ బిళ్లలతో కలిపి ఇవ్వకూడదు. పొడి కలిపి చేసిచ్చే కాంపౌండింగ్ ఇట్రాకొనజోల్ మాత్రం కొనకండి, అది సరిగా ఒంటికి పట్టదు. డబ్బులు పోతాయి, నెలలూ పోతాయి. ఇంకా తీవ్రంగా ఉన్న కుక్కలకు ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందు నరానికి ఎక్కిస్తాం. అది కిడ్నీల మీద దెబ్బ వేసే మందు కాబట్టి ఆసుపత్రిలో, ప్రతిసారీ కిడ్నీ పరీక్ష చూసుకుంటూ ఇవ్వాలి. మీ కుక్క ఆ దశలో లేదు. మెదడుకు పాకిన కుక్కలకు మాత్రం ఫ్లూకొనజోల్ వైపే మొగ్గుతాం, అది మెదడులోకి బాగా చేరుతుంది. ఒకవేళ మీ కుక్కకు ఫిట్స్ వచ్చినా, తల ఒకవైపు వాల్చి నడిచినా, కన్ను ఎర్రబడి మసకబారినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పసుపు, వేపాకు, ఆపిల్ సైడర్ వెనిగర్ గురించి కూడా అడిగారు. ఎముక లోపల ఉన్న ఫంగస్‌ని ఇవేవీ చేరవు. పైన పూస్తే కుక్క నాకి కడుపు పాడుచేసుకుంటుంది.

మందు ఎప్పుడు ఆపాలి? టైటర్ పరీక్ష మూడు నాలుగు నెలలకోసారి చేయిస్తాం. మీరు ఆ అంకె కోసం ఎదురుచూస్తూ నిద్ర మానుకుంటారు, నాకు తెలుసు. కానీ 1:64 నుంచి 1:32కి దిగితే అది చెప్పుకోదగ్గ మార్పు కాదు, ఒక మెట్టు తేడా పరీక్షలోనే రావచ్చు. రెండు మూడు మెట్లు దిగితే లెక్కలోకి తీసుకోవచ్చు. నేను ముందు చూసేది కుక్కను. కుంటడం పోయిందా, బరువు పెరిగిందా, కాలు నొక్కితే లాక్కుంటోందా అని. తర్వాత ఎక్స్‌రే. టైటర్ ఆ తర్వాతే. కుక్క పూర్తిగా మామూలుగా ఉండి, ఎముక కుదురుకుని, టైటర్ 1:4 గానీ అంతకన్నా తక్కువ గానీ అయ్యాకే ఆపే మాట ఎత్తుతాను. కొన్ని కుక్కల్లో టైటర్ ఎప్పటికీ సున్నా కాదు, అదేం పర్వాలేదు. ఆపాక కూడా కొన్ని నెలలకోసారి పరీక్ష చేయించాలి, ఎముక కేసుల్లో జబ్బు తిరగబెట్టడం మామూలే. తిరగబెడితే మళ్లీ అదే మందు మొదలుపెడతాం, చాలావరకు మళ్లీ పనిచేస్తుంది. నాలుగో నెలలో కుక్క గంతులేస్తోందని ఆపేసిన ఇళ్లు చాలా చూశాను. ఆ కుక్కల్లో చాలా వాటికి జబ్బు తిరిగి వచ్చింది, కొన్నింటికి రెండో కాలికీ పాకింది.

ఇక ఇంట్లోవాళ్ల గురించి. కుక్క దగ్గినా, పిల్లల మొహం నాకినా, వాళ్లతో కలిసి పడుకున్నా ఈ జబ్బు రాదు. ఒక్క జాగ్రత్త ఉంది. చర్మం మీద చీము కారే పుండు వస్తే గ్లోవ్స్ వేసుకుని, కట్టు రోజూ మార్చి, తీసిన కట్టును కవర్లో మూసి పారేయండి. గర్భిణులు ఫ్లూకొనజోల్ బిళ్లలు విరవడం, పొడి చేయడం లాంటివి చేయకుండా ఉంటే మంచిది.

కుక్క పీల్చిన గాలే మీరూ పీలుస్తున్నారన్నది మాత్రం నిజం. అమెరికాలో బయటపడే వ్యాలీ ఫీవర్ కేసుల్లో దాదాపు సగం అరిజోనావే. మీ మామగారికి షుగర్ ఉందన్నారు. షుగర్ ఉన్నవాళ్లకు ఇది వస్తే ముదిరే అవకాశం ఎక్కువ. దుమ్ము తుఫాను వచ్చిన రోజు కిటికీలు మూసుకుని ఇంట్లోనే ఉండమనండి. ఆయనకు దగ్గు, జ్వరం వారాల తరబడి తగ్గకపోతే డాక్టర్‌తో వ్యాలీ ఫీవర్ పరీక్ష చేయించండి. ఆరు నెలలు ఇక్కడుండి వెళ్లే అమ్మానాన్నల విషయంలో ఇది మరీ ముఖ్యం. విజయవాడకో వరంగల్‌కో తిరిగి వెళ్లాక దగ్గు మొదలైతే, ఎక్స్‌రేలో మచ్చ చూసి అక్కడి డాక్టర్ ముందుగా టీబీ అనుకుంటారు. అక్కడ ఈ ఫంగస్ ఉండదు కాబట్టి వాళ్లకు తట్టకపోవడం సహజం. అరిజోనాలో ఉండి వచ్చామని ముందే చెప్పాలి.

కుక్కకూ అదే వర్తిస్తుంది. ఉద్యోగం మారి డల్లాస్‌కో న్యూజెర్సీకో వెళ్లినా, ఇండియాకే తీసుకెళ్లినా, ఈ జబ్బు కొన్ని నెలలు, ఏళ్లు ఒంట్లో అణిగి ఉండి తర్వాత లేవగలదు. టైటర్ రిపోర్టులు, ఎక్స్‌రేల ఫైళ్లు ఫోన్‌లో భద్రంగా దాచుకోండి.

మీ ఇంట్లో ఉన్న ఇంకో కుక్క గురించి: అది బాగానే ఉంటే మందు అక్కర్లేదు. పెరట్లో మట్టి తేలకుండా గడ్డి గానీ కంకర గానీ వేయించండి, గోతులు తవ్వనివ్వకండి, పక్కన ఇళ్ల నిర్మాణం జరుగుతుంటే ఆ వైపు నడిపించకండి. ఇంత చేసినా రాదని హామీ లేదు, గాలిని ఎవరూ ఆపలేరు. అరిజోనా యూనివర్సిటీలో 1996లో మొదలైన వ్యాలీ ఫీవర్ కేంద్రం వాళ్లు కుక్కల కోసం ఒక టీకా మీద చాలా ఏళ్లు పనిచేశారు. దాని గురించి చాలామంది అడుగుతుంటారు. అది రాకుండా కాపాడటానికే, ఇప్పటికే జబ్బు ఉన్న మీ లాబ్రడార్‌కి అది చికిత్స కాదు. రెండోదాని కోసం మీ డాక్టర్‌ని అడగండి.

ఈ వారం డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు ఈ నాలుగూ అడగండి: లివర్, కిడ్నీ పరీక్ష; నొప్పికీ ఆకలికీ మందు; రిపోర్టు బాగుంటే మోతాదు పెంచే మాట; ఎముక నుంచి సూదితో శాంపిల్ తీసే వీలు. ఎక్స్‌రే మళ్లీ తీసినప్పుడు కాలు ముందు పెట్టిన కోణంలోనే పెట్టి తీయమనండి, పాత బొమ్మా కొత్త బొమ్మా పక్కపక్కన తెరిచి చూపించమనండి. ఎముక అంచు గరుకు తగ్గి నున్నబడుతోందా లేదా అన్నది అప్పుడు మీ కంటికే తెలుస్తుంది.